కాఫీ చరిత్రలో కడిగే పని

కాఫీ చరిత్ర మీద ఏ వ్యాసం చదివినా నాలుగు మజిలీలు తప్పకుండా తగులుతాయి. పదిహేడో శతాబ్దంలో బాబా బుడాన్ యెమెన్ నుంచి ఏడు గింజలు దాచి తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడన్న కథ మొదటిది. తెల్లదొరల తోటలు రెండోది. 1936లో బొంబాయిలో మొదలైన ఇండియా కాఫీ హౌస్ మూడోది. 1996లో బెంగుళూరు బ్రిగేడ్ రోడ్డులో తెరిచిన కెఫే కాఫీ డే నాలుగోది. పండించినవాళ్ళు, అమ్మినవాళ్ళు, తాగుతూ రాజకీయాలు మాట్లాడినవాళ్ళు అందరూ ఈ కథల్లో ఉంటారు. తాగాక ఆ సామాను కడిగిందెవరు, ఎట్లా కడిగారు అన్నది మాత్రం ఎక్కడా ఉండదు.

ఇది నాకెందుకు తట్టిందంటే, ఈ మధ్య నాకు తెలిసిన సాఫ్ట్‌వేరు జనాల్లో లీవరు ఎస్ప్రెస్సో మెషీను కొనడం ఒక సరదా అయింది. పంపు ఉండదు, బటన్లు ఉండవు. చేత్తో లీవరు లాగి కాఫీ దింపుకోవడమే. కొన్న వారం ఫోటోలు వస్తాయి. ఆరు నెలలకి "పక్కనుంచి నీళ్ళు కారుతున్నాయి", "ఆవిరి సరిగా రావట్లేదు", "కాఫీ ఎందుకో కమురు వాసనేస్తోంది" అని ఫోన్లు వస్తాయి. ఏడాది తిరిగేసరికి మెషీను అటక మీదికి పోతుంది. మన ప్రాజెక్టుల్లాగే అన్నమాట. రిలీజు రోజు కేకు కోయడానికి నలభై మంది, మెయింటెనెన్సుకి ఒకడు. వాడు కూడా వేరే టీముకి మారాలని చూస్తుంటాడు.

తమాషా ఏమిటంటే, ఈ ఇటలీ మెషీనుకి చేయాల్సిన ప్రతి పనీ మా మదనపల్లె, పుంగనూరు, కుప్పం పక్క ఎవరో ఒకరు తరాలుగా చేస్తూ వచ్చినదే. పేర్లు వేరు, అంతే. మదనపల్లె అనగానే 1919లో టాగూరు జనగణమనని ఇంగ్లీషులోకి తెచ్చింది ఇక్కడేననీ, జిడ్డు కృష్ణమూర్తి పుట్టింది ఇక్కడేననీ చెప్పుకోవడం మావాళ్ళకి అలవాటు. అవి నిజమే, అందరికీ తెలిసినవే. ఈ టపా మాత్రం తోముడు గురించి.

లీవరు ఎందుకొచ్చింది?

ముందు మెషీను సంగతి కొంచెం. 1901లో మిలాన్‌లో లుయీజీ బెజ్జెరా అనే ఆయన ఆవిరి ఒత్తిడితో కాఫీ దింపే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. 1905 నుంచి దెసిదేరియో పావోని వాటిని తయారు చేసి అమ్మాడు. కానీ ఆవిరితో వచ్చే ఒత్తిడి ఒకటి, ఒకటిన్నర బార్ మాత్రమే. అంతకంటే పెంచాలంటే బాయిలరు ఇంకా కాలాలి. బాయిలరు కాలితే కాఫీ మాడుతుంది. ఆ చిక్కుముడి విప్పింది అకీలె గజ్జియా. 1938లో మొదటి పేటెంటు, యుద్ధం అయ్యాక 1948లో లీవరు మెషీను. లీవరు లాగితే లోపలి స్ప్రింగు ముడుచుకుంటుంది, వదిలితే ఆ స్ప్రింగే పిస్టన్‌ని నెట్టి నీళ్ళని పొడి గుండా తోస్తుంది. ఒత్తిడి ఒక్కసారిగా ఎనిమిది, తొమ్మిది బార్లకి పోయింది. కప్పు మీద బంగారు రంగు నురగ కనబడడం అప్పట్నుంచే.

ఇళ్ళకొచ్చేసరికి ఆ స్ప్రింగు కూడా తీసేశారు. 1961లో లా పావోని కంపెనీ తెచ్చిన యూరోపిక్కోలాలో మన చెయ్యే స్ప్రింగు. 1967లో స్విట్జర్లాండు నుంచి ఒలింపియా క్రెమీనా వచ్చింది. ఈ రెండింటి లోపలా ఉండేది ఇంతే: ఇత్తడి బాయిలరు, నీళ్ళు కాచే కాయిలు, ఒత్తిడి అదుపులో ఉంచే స్విచ్చు, పిస్టను, దానికి రబ్బరు రింగులు, కింద ఒక చిల్లుల బిళ్ళ, పక్కన ఆవిరి గొట్టం. సర్క్యూట్ బోర్డు లేదు, ఫర్మ్‌వేరు అప్‌డేట్లు లేవు. అందుకే 1970ల నాటివి ఇప్పటికీ పని చేస్తున్నాయి.

ఇంత సాదా యంత్రానికి శత్రువులు నలుగురే. నీళ్ళు వదిలే సున్నం. కాఫీ వదిలే జిడ్డు. పాలు వదిలే మీగడ. ఎండిపోయే రబ్బరు. ఈ నలుగురూ మా ఊళ్ళకి పాత చుట్టాలే.

కుప్పం: సున్నం

కుప్పం మీదుగా పోయే జోలార్‌పేట - బెంగుళూరు రైలు మార్గం 1864 నాటిది. ఇప్పుడు ఆ దారిన కరెంటు రైళ్ళలో రోజూ బెంగుళూరుకి ఉద్యోగానికి పోయొచ్చేవాళ్ళున్నారు. కానీ వందేళ్ళకి పైగా ఆ పట్టాల మీద నడిచింది ఆవిరి ఇంజన్లే. ఆవిరి ఇంజనంటే చక్రాల మీద పెట్టిన బాయిలరు. దానికి బొగ్గెంత ముఖ్యమో నీళ్ళూ అంతే ముఖ్యం.

గ్రానైటు రాళ్ళ కింద నుంచి తోడిన నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. వేడి తగలగానే వాటిలో బైకార్బనేట్లు విడిపోయి రాయిలాగా గోడలకి పట్టుకుంటాయి. మా పక్క దాన్ని గార అంటారు, పంటికి పట్టే గార లాంటిదే. ఈ గార వేడిని సరిగా పోనివ్వదు. ఇంజను బాయిలరులో అది మందమైతే బొగ్గు దండగ, పైగా రేకు మరీ కాలి ప్రమాదం. అందుకని ఇంజన్లని లెక్క ప్రకారం షెడ్డులో ఆపి, చల్లార్చి, బాయిలరుకున్న మూతలు విప్పి, గొట్టాలతో నీళ్ళు కొట్టి, ఇనప కడ్డీలతో గార గోకి, కడిగేవాళ్ళు. డ్రైవరు పేరు ప్రయాణీకుల్లో కొందరికైనా తెలిసేదేమో గానీ, బాయిలరు కడిగినవాడి పేరు ఎవరికీ తెలియదు. వాడు కడగకపోతే మాత్రం బండి కదలదు.

ఇళ్ళల్లోనూ ఇదే కథ. మా పక్క పాత ఇళ్ళల్లో స్నానాలకి నీళ్ళు కాచే ఇత్తడి కాగు లోపల చెయ్యి పెట్టి చూడండి, గరుగ్గా తెల్లటి పొర తగులుతుంది. అందుకే ఉప్పునీళ్ళు, మంచినీళ్ళు అని రెండు బిందెలు వేరుగా ఉండేవి. కాఫీకీ పప్పుకీ మంచినీళ్ళే. పప్పు ఉడకలేదంటే నీళ్ళు మారాయని మా అవ్వ ఇట్టే కనిపెట్టేది. నీటి కాఠిన్యం కొలిచే పరికరం కందిపప్పే!

మెషీనుకొస్తే, మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం మొత్తం కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపుంటే మంచిది, వేరే దిక్కు లేకపోతే 600 దాకా ఒప్పుకోవచ్చు. మనిషికి ఫరవాలేని ఆ 600 మెషీనుకి విషం. బోరు నీళ్ళు తిన్నగా పోస్తే కొన్ని నెలల్లోనే కాయిలు మీద గార కడుతుంది. అట్లాగని మరీ ఖనిజాలు లేని ఆర్.ఓ. నీళ్ళు పోసినా కాఫీ చప్పగా ఉంటుంది, అలాంటి నీళ్ళు లోహాన్ని తినేస్తాయి కూడా. రెండూ కలిపి మధ్యస్థంగా చేసుకోవడం మేలు.

గార తీయడానికి కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు చాలు. లీటరు గోరువెచ్చటి నీళ్ళలో రెండు చెంచాలు కరిగించి, బాయిలర్లో పోసి, వేడి చేసి, కొంచెం ఆవిరి గొట్టం నుంచి, కొంచెం కాఫీ దిగే చోటు నుంచి వదలాలి. పావుగంట ఆగి, పారబోసి, మామూలు నీళ్ళతో మూడు నాలుగు సార్లు కడగాలి. మెషీనుతో వచ్చిన పుస్తకం వేరేగా చెబితే అదే పాటించండి. ఎన్నాళ్ళకోసారి అన్నది మీ నీళ్ళని బట్టి. మంచినీళ్ళయితే ఆరు నెలలకి, ఉప్పునీళ్ళయితే రెండు నెలలకి.

మదనపల్లె: జిడ్డు, కళాయి

కాఫీ గింజలో నూనె ఉంటుంది. ఆ నూనె లోహానికి అంటుకుని, గాలి తగిలి, కనరెక్కుతుంది. కమురు వాసన అంటూ వచ్చే ఫోన్లకి కారణం ఇదే. గింజలు మార్చి లాభం లేదు. మెషీనులో పొడి పట్టే గిన్నె, దాని పైన ఉండే చిల్లుల బిళ్ళ తీసి కడగాలి.

ఫిల్టరు కాఫీ ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకి ఇది ఒకరు చెప్పాల్సిన పని కాదు. పై గిన్నె, కింద గిన్నె, మధ్యలో నొక్కుడు బిళ్ళ. ఇక్కడ లీవరు లేదు, భూమ్యాకర్షణే లీవరు. డికాక్షను దిగడం ఆలస్యమైతే చిల్లులు పూడినట్టు లెక్క. స్టీలు ఫిల్టరయితే పై గిన్నెని స్టవ్వు మంట మీద కాసేపు పట్టి, లోపల పట్టినది కాలిపోయాక తట్టి, బ్రష్షుతో రుద్దడం ఇప్పటికీ చాలా ఇళ్ళల్లో ఉంది.

కానీ స్టీలుకి ముందు ఫిల్టర్లు ఇత్తడివి. ఇత్తడిలో ఉన్నది రాగి, తుత్తునాగం. పులుపు తగిలితే ఇత్తడి చిలుమెక్కుతుంది. కాఫీలో కూడా కొంచెం ఆమ్లం ఉంది. కాబట్టి లోపల తగరం పూత ఉండాలి. అదే కళాయి. మదనపల్లె లాంటి ఊళ్ళో కళాయి పూసేవాడు వీధిలోకి వచ్చి, చెట్టు కింద చిన్న గుంట తీసి, బొగ్గులేసి, తిత్తితో ఊదేవాడు. గిన్నెని ముందు చింతపండుతో, ఇసకతో రుద్దాలి. మంట మీద కాలాక నవాసాగరం పొడి చల్లితే గుప్పున తెల్లటి పొగ లేచేది. ఆ పొడి లోహం మీది తుప్పుని తినేస్తుంది. వెంటనే తగరం ముక్క ఆనిస్తే కరుగుతుంది. దాన్ని గుడ్డతోనో దూదితోనో ఒక్క ఊపులో లోపలంతా పులమాలి. ఊపు తప్పితే మచ్చలు. తర్వాత నీళ్ళల్లో ముంచితే సుయ్యిమని చప్పుడు, గిన్నె అద్దంలా బయటికొచ్చేది. పిల్లలమంతా చుట్టూ మూగి చూసేవాళ్ళం.

తగరం కరిగేది 232 డిగ్రీల దగ్గర. అంటే కళాయి గిన్నెని వట్టిగా మంట మీద పెడితే పూత కరిగిపోతుంది. కాబట్టి స్టీలు ఫిల్టరుకి పనికొచ్చే మంట చిట్కా ఇత్తడి ఫిల్టరుకి పనికిరాదు. దానికి చీపురు పుల్లతో ఒక్కొక్క చిల్లీ పొడవాల్సిందే, గట్టిగా గీకకుండా బూడిదతో మెత్తగా తోమాల్సిందే. ఏ లోహానికి ఏం చేయొచ్చో, ఏం చేయకూడదో ఎక్కడా రాసి లేదు. వంటింట్లో ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి అందిన జ్ఞానం అది. డాక్యుమెంటేషను లేదని మనం పాత కోడ్ రాసినవాళ్ళని తిట్టుకుంటాం. ఇక్కడ రాయడానికి వాళ్ళకి తీరికా లేదు, చాలామందికి చదువూ చెప్పించలేదు.

ఆ తర్వాత స్టెయిన్‌లెస్ స్టీలు వచ్చింది. 1980ల మొదట్లో మనకి దగ్గర్లోనే సేలం ఉక్కు కర్మాగారంలో ఆ రేకులు తయారవడం మొదలైంది. స్టీలు సామాను పెళ్ళిళ్ళలో సారె అయింది, పాత గుడ్డలకి బదులిచ్చే సామానూ అయింది. కళాయి అవసరం లేని గిన్నె వచ్చిందని ఆడవాళ్ళు సంతోషించారంటే నేను తప్పు పట్టను, ఆ తోముడు వాళ్ళదే కాబట్టి. కానీ అదే దెబ్బతో కళాయి పూసేవాళ్ళ బతుకుతెరువు పోయింది. ఏ తేదీన పోయిందో ఏ పుస్తకంలోనూ లేదు. గజ్జియా పేటెంటు ఏ సంవత్సరమో మనకి తెలుసు. మన వీధిలో కళాయి పూసినవాడు చివరిసారి ఎప్పుడొచ్చాడో మనలో ఎంతమందికి గుర్తుంది?

లీవరు మెషీను బాయిలరు కూడా ఇత్తడిదే, బయట క్రోమియం పూత. ఇనప పీచుతో రుద్దితే ఆ పూత పోతుంది, మళ్ళీ వేసేవాళ్ళు మన వీధిలో లేరు. మెత్తటి గుడ్డ వాడండి. రోజూ ఆఖరి కప్పు అయ్యాక పొడి లేకుండా కాసిన్ని వేణ్ణీళ్ళు దింపి బిళ్ళని తుడవండి. వారానికోసారి బిళ్ళ విప్పి, వేణ్ణీళ్ళలో నానబెట్టి కడగండి. ఇంకో సంగతి: పంపు మెషీన్లకి చిల్లు లేని గిన్నె బిగించి సబ్బు పొడితో వెనక్కి కడిగే పద్ధతి చూపిస్తారు. అది ఈ లీవరు మెషీన్లకి కాదు. ఒత్తిడి బయటికి పోయే దారి వీటిలో లేదు.

పుంగనూరు: మీగడ

పుంగనూరు పేరు ఇప్పుడు దేశమంతా తెలిసిందంటే ఆవు వల్లే. మనిషి నడుము ఎత్తుకి కూడా రాని పొట్టి ఆవు. పాలు తక్కువే ఇస్తుంది గానీ వెన్న శాతం మామూలు ఆవుపాల కంటే బాగా ఎక్కువ. సంకర జాతులు వచ్చాక దాదాపు కనుమరుగైపోతే, పలమనేరు దగ్గరి పశు పరిశోధన కేంద్రం దాన్ని నిలబెట్టింది. ఇప్పుడు ఫోటోల్లో ముద్దొచ్చే జంతువు అయింది గానీ, మా పెద్దవాళ్ళకి మాత్రం అది కరువులో కాసిన్ని గడ్డి పరకలు తిని బతికే ఆవు.

వెన్న ఉన్న పాలకి కాఫీ రుచి, గిన్నెకి శిక్ష. పాలగిన్నె అడుగంటితే తోమే బాధ తోమినవాళ్ళకే తెలుసు. మా ఇళ్ళల్లో పాలగిన్నె వేరే, ఇంక దేనికీ వాడరు. పాలు ఒంపిన వెంటనే నీళ్ళు పోసి ఉంచుతారు. ఆరనిస్తే పొర గట్టిపడుతుందని.

ఇదే సూత్రం ఆవిరి గొట్టానికీ. మన పెళ్ళిళ్ళలో "ఎక్స్‌ప్రెసో కాఫీ" అని ఒక స్టాలు పెడతారు గుర్తుందా? కింద గ్యాసు పొయ్యి, మీద బాయిలరు, దానికో మీటరు, జగ్గులో ఇన్‌స్టంటు పొడి, పంచదార, పాలు పోసి బుస్సుమని ఆవిరి కొట్టి, పైన చాక్లెట్ పొడి చల్లి ఇస్తారు. అది నిజానికి ఎస్ప్రెస్సో కాదు, ఆవిరితో వేడెక్కిన పాలు. రుచికి నేను పేరు పెట్టను, రెండు కప్పులు తాగకుండా రాను :) కానీ ఆ స్టాలు కుర్రాణ్ణి ఈసారి గమనించండి. జగ్గు దించగానే గొట్టాన్ని తడిగుడ్డతో తుడిచి, ఒకసారి ఖాళీగా ఆవిరి వదులుతాడు. బాయిలరు చల్లబడేటప్పుడు గొట్టం పాలని లోపలికి పీల్చుకుంటుంది, వదలకపోతే అవి లోపలే గడ్డకడతాయి. ఖరీదైన మెషీను కొన్న మనవాళ్ళు చాలామంది చేయని పని, ఆ కుర్రాడు వెయ్యిమంది భోజనాల హడావిడిలో మర్చిపోకుండా చేస్తాడు.

మూడు ఊళ్ళలోనూ: కుక్కరు రబ్బరు

ఇక నాలుగో శత్రువు. లీవరు మెషీను బాయిలర్లో ఒత్తిడి సుమారు 0.8 బార్. మన కుక్కరు విజిలు లేచేది దాదాపు 1 బార్ దగ్గర. అంటే 1950ల చివరి నుంచీ మన వంటిళ్ళలోకి వచ్చిన కుక్కరు, ఈ ఇటలీ బాయిలరు కంటే ఎక్కువ ఒత్తిడితో నడుస్తోంది. రోజూ దాన్ని నడిపేవాళ్ళకి ట్రైనింగు ఎవరిచ్చారు? అయినా రబ్బరు సాగిందని పక్కనుంచి ఆవిరి పోవడం చూసి చెప్తారు. విజిలు కింద గొట్టంలో మెతుకు ఇరుక్కుందేమో వెలుతురుకి పట్టి చూస్తారు. సేఫ్టీ వాల్వు పోతే అదే రకం కొని తెస్తారు. ఆవిరి పోకుండా మూత తీయరు.

మెషీనుకీ అవే నాలుగు రూల్సు. ఆవిరి మొత్తం గొట్టం గుండా వదిలాకే బాయిలరు మూత తిప్పాలి. నీళ్ళు అయిపోయేదాకా నడపకూడదు, కాయిలు కాలిపోతుంది. పిస్టను రబ్బరు రింగులు ఏడాదికో, రెండేళ్ళకో మార్చాలి. లీవరు బిగుసుకుంటున్నా, పిస్టను పైనుంచి నీళ్ళు కారుతున్నా అవి అయిపోయినట్టే. మార్చేటప్పుడు తిండి సామానుకి వాడే సిలికాన్ గ్రీజు పలచగా రాయాలి. బండికి వాడే గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

దీన్ని కడిగేదెవరు?

మా అమ్మకి ఈ మెషీను చూపించి, కాఫీ చేసిచ్చి, ఎట్లా ఉందమ్మా అని అడిగాను. రుచి గురించి ఏమీ అనలేదు. మెషీనుని కింద నుంచి పైదాకా చూసి, "ఇది బాగానే ఉంది నాయనా, దీన్ని కడిగేదెవరు?" అంది.

నలభై ఏళ్ళు ఫిల్టరు, కుక్కరు, పాలగిన్నె కడిగిన మనిషి అడగాల్సిన ప్రశ్నే అది. మనలో చాలామంది ఇళ్ళల్లో లీవరు లాగేది ఒకరు, తుడిచేది ఇంకొకరు. ఫోటోలో ఉండేది మొదటివాళ్ళే. పైన రాసిన కాఫీ చరిత్ర సరిగ్గా ఇట్లాగే తయారైంది. షెడ్డులో గార గోకినవాళ్ళు, తిత్తి ఊదినవాళ్ళు, చీపురు పుల్లతో చిల్లులు పొడిచినవాళ్ళు అందులో లేరు. వాళ్ళకి తెలిసింది తక్కువనుకుంటాం, తీరా వాళ్ళ పని మన చేతికొచ్చాక ఆరు నెలలు కూడా మెషీను నడపలేకపోతున్నాం.

కాబట్టి కొనేముందు ఇంట్లో ఒక ఒప్పందం చేసుకోండి. ఎవరు లాగితే వాళ్ళే కడగాలి. రోజుకి రెండు నిమిషాలు, వారానికి పది, నీళ్ళని బట్టి కొన్ని నెలలకోసారి ఒక గంట, ఏడాదికో రెండేళ్ళకో ఒక ఆదివారం. ఇంతే లెక్క. అది కుదరదంటే ఫిల్టరే హాయి, కాకపోతే అది కూడా మీరే కడగాలి.

చివరిగా ఒక మాట. మా మూడు ఊళ్ళలో గానీ, మీ ఊళ్ళో గానీ ఇప్పటికీ కళాయి పూస్తున్నవాళ్ళు ఉంటే చెప్పండి. మా అవ్వ ఇత్తడి ఫిల్టరు ఇంట్లో భద్రంగా ఉంది, లోపల పూత పూర్తిగా పోయింది. మళ్ళీ పూయించి, దాంట్లో ఒక డికాక్షను దించి, అమ్మకివ్వాలని ఉంది. ఈసారి కడిగేదెవరని అడిగే అవసరం రానివ్వను.